మార్మన్ సంఘంలో స్త్రీలు, వికలాంగులు: విన్నదెంత, ఉన్నదెంత

మీ చెల్లెలి కుటుంబం ఉద్యోగరీత్యా హైదరాబాదు నుంచి యూటా రాష్ట్రంలోని లీహై పట్టణానికి మారుతోందని, వాళ్ల ఏడేళ్ల బాబుకు ఆటిజం ఉందని రాశారు. అక్కడ ఇరుగుపొరుగులో ఎక్కువమంది మార్మన్లే కాబట్టి, వాళ్లు ఆడవాళ్లను అణచివేస్తారనీ, వైకల్యంతో పుట్టిన పిల్లలను పూర్వజన్మ పాపఫలంగా చూస్తారనీ ఎవరో చెప్పగా భయం పట్టుకుందని, ఇందులో నిజమెంతో చెప్పమని అడిగారు. నేను ఆ మతానికి చెందినదాన్ని కాదు. చాలా ఏళ్లుగా ఈ లోయలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఆ సంఘం వాళ్లే కనుక, వాళ్ల ఇళ్లలోకీ ప్రార్థనాలయాల్లోకీ తొంగిచూసే అవకాశం నాకు బాగానే దొరికింది. సంఘం అసలు పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం. మార్మన్లు అనవద్దని 2018లో వాళ్ల అధ్యక్షుడే కోరాడు గాని, మీరు అదే మాటతో అడిగారు కాబట్టి నేనూ అదే వాడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సంఘం స్త్రీలను గాని వికలాంగులను గాని హీనులుగా చూడదు. అలా చూస్తుందన్న ప్రచారంలో చాలా భాగం అబద్ధం. అయితే అక్కడ అంతా సమానమేనని సంఘం తరఫున మాట్లాడేవాళ్లు చెప్పేది కూడా నిజం కాదు. ఇద్దరికీ పెద్దపీట వేస్తారు, కానీ నిర్ణయాలు జరిగే గదిలో కుర్చీ వేయరు. మీరు విన్న వదంతులను ఈ తేడా మనసులో పెట్టుకుని చూస్తే, ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోవడం సులువవుతుంది.

అన్నిటికంటే పాతది బహుభార్యత్వం గురించిన అపోహ. 19వ శతాబ్దంలో సంఘ నాయకులు, కొందరు సభ్యులు ఒకరికంటే ఎక్కువమందిని పెళ్లాడిన మాట నిజమే. 1890లో అప్పటి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ అలాంటి పెళ్లిళ్లకు స్వస్తి చెబుతూ ప్రకటన చేశాడు. ఆ తరువాత కూడా చాటుమాటుగా కొన్ని సాగడంతో 1904లో రెండో ప్రకటన వెలువడింది. ఇవాళ ఎవరైనా రెండో భార్యను తెచ్చుకుంటే సంఘం వాళ్లను వెలివేస్తుంది. వార్తల్లో, డాక్యుమెంటరీల్లో కనిపించే పొడవు గౌన్ల ఆడవాళ్లు, వారెన్ జెఫ్స్ అనే బహుభార్యత్వ వర్గ నాయకుడి అనుచరులు వేరే శాఖ. వాళ్లకూ మీ చెల్లెలి పక్కింట్లో ఉండబోయే కుటుంబానికీ సంబంధం లేదు. ఇంతవరకు సంఘం వాదన పూర్తిగా సరైనదే. కానీ దేవాలయంలో దంపతులను పరలోకానికి కూడా కలిపి ముడివేసే వాళ్ల క్రతువులో ఒక తిరకాసు మిగిలిపోయింది. భార్య చనిపోయిన పురుషుడు రెండో ఆమెతో కూడా శాశ్వతంగా ముడిపడవచ్చు. భర్త చనిపోయిన స్త్రీ మాత్రం తాను బతికి ఉండగా మరొకరితో ఆ ముడి వేయించుకోలేదు. నాకు తెలిసిన మార్మన్ స్త్రీలలో బహుభార్యత్వం పేరెత్తితే చరిత్ర గురించి నిబ్బరంగా మాట్లాడేవాళ్లు సైతం, ఈ ఒక్క సంగతి దగ్గర ముఖం ముడుచుకుంటారు.

ఇక అణచివేత సంగతి. బయటివాళ్లు ఊహించుకునే చిత్రానికి చరిత్ర అసలు ఒదగదు. యూటా ప్రాంతంలో స్త్రీలకు ఓటు హక్కు 1870 ఫిబ్రవరిలోనే వచ్చింది. అమెరికా అంతటా రావడానికి ఇంకో 50 ఏళ్లు పట్టింది. ఓటు చేతికొస్తే ఆ ఆడవాళ్లే బహుభార్యత్వాన్ని కూలదోస్తారని వాషింగ్టన్‌లో కొందరు ఆశపడ్డారు. వాళ్లు అలా చేయకపోయేసరికి 1887లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆ ఓటును లాగేసుకుంది. సంఘ సభ్యులతో నిండిన యూటా శాసనసభ ఇచ్చిన హక్కును, సంఘం నుంచి స్త్రీలను కాపాడతామన్నవాళ్లే తీసేశారన్నమాట. 1896లో యూటా రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అది తిరిగి వచ్చింది.

ఆ ఏడాదే జరిగిన ఎన్నికల్లో మార్తా హ్యూస్ కానన్ అనే వైద్యురాలు రాష్ట్ర సెనేట్‌కు పోటీచేసి గెలిచింది. అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా సెనేటరైన మొదటి స్త్రీ ఆమె. ఆమె డెమొక్రాటు, ఓడిన రిపబ్లికన్ అభ్యర్థుల్లో ఆమె భర్త ఏంగస్ కానన్ కూడా ఉన్నాడు. పైగా ఆమె అతనికి నాలుగో భార్య. ఆమె సెనేటులోకి వెళ్లి చేసిన మొదటి పనుల్లో ఒకటి, చెవిటి, మూగ, అంధ బాలబాలికలకు చదువు తప్పనిసరి చేసే బిల్లు పెట్టడం. రాష్ట్ర ఆరోగ్య మండలి ఏర్పాటు వెనుక కూడా ఆమే ఉంది. మీరు అడిగిన రెండు విషయాలూ ఒకే మనిషి జీవితంలో కలిసిన అరుదైన ఉదాహరణ ఇది. 2024లో ఆమె విగ్రహాన్ని వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ భవనంలో పెట్టారు. ఆమెను ఇప్పుడు అందరూ గొప్పగా తలుచుకుంటారు గాని, బహుభార్యత్వ కేసుల్లో భర్తకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పవలసి వస్తుందని ఆమె పసిబిడ్డను ఎత్తుకుని ఇంగ్లండుకు వెళ్లి తలదాచుకున్న రోజులను మాత్రం అంతగా ప్రస్తావించరు.

చిత్రమేమిటంటే, సంఘం లోపల స్త్రీల స్వతంత్రం కాలంతో పాటు పెరగలేదు, చాలాకాలం తగ్గుతూ వచ్చింది. 1842 మార్చి 17న ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో, సంఘ వ్యవస్థాపకుడి భార్య ఎమ్మా స్మిత్ అధ్యక్షురాలిగా రిలీఫ్ సొసైటీ అనే స్త్రీల సంఘం మొదలైంది. 19వ శతాబ్దంలో దానికి సొంత నిధులు, సొంత భవనాలు, గోధుమ నిల్వలు ఉండేవి. మంత్రసానులకు శిక్షణ ఇప్పించేవాళ్లు. ఎలిస్ షిప్ లాంటివాళ్లు పిల్లలను ఇంట్లో వదిలి ఫిలడెల్ఫియా దాకా వెళ్లి వైద్యం చదివి వచ్చారు. జబ్బుపడినవాళ్ల తల మీద చేయి ఉంచి స్వస్థత కోసం ఆశీర్వదించడం కూడా అప్పట్లో స్త్రీలకు మామూలే. 20వ శతాబ్దంలో ఆ ఆచారాన్ని క్రమంగా మాన్పించి, యాజకత్వం, అంటే దేవుడి పేరిట క్రతువులు నడిపే అధికారం, ఉన్న పురుషులకే అప్పగించారు. 1970లో రిలీఫ్ సొసైటీ సొంతంగా డబ్బు సమకూర్చుకునే పద్ధతి పోయింది, దాని పత్రిక ఆగిపోయింది, పద్దులన్నీ పురుష నాయకత్వం కిందికి వెళ్లాయి. అందుకే, ఈ సంఘం పాతకాలపుది కాబట్టి ఆడవాళ్లను వెనక్కి నెడుతోందన్న విశ్లేషణ నాకు రుచించదు. వాళ్ల పాతకాలం కొన్ని విషయాల్లో ఇప్పటికంటే మెరుగ్గా ఉంది.

ఇప్పటి పరిస్థితికి కీలకం యాజకత్వం. ఇక్కడ జీతం తీసుకునే పూజారులు ఉండరు. వార్డు అనే స్థానిక సమాజానికి నాయకుడైన బిషప్పు వారమంతా పళ్లు కట్టే వైద్యుడో, ఇళ్ల స్థలాలు అమ్మే ఏజెంటో అయి ఉంటాడు. మగపిల్లలకు 12వ ఏట నుంచే యాజకత్వంలో మొదటి మెట్టు అందుతుంది. ఆడవాళ్లకు ఏ వయసులోనూ అందదు. స్త్రీలు సభలో ఉపన్యసిస్తారు, ప్రార్థిస్తారు, బోధిస్తారు, దేవాలయంలో స్త్రీలకు జరిగే కొన్ని క్రతువులను స్వయంగా నడిపిస్తారు, ప్రచారకులుగా దేశదేశాలు తిరుగుతారు. 2019 నుంచి బాప్తిస్మానికి సాక్షులుగా నిలబడుతున్నారు. అయినా అత్యున్నత స్థాయిలో నిర్ణయాలు తీసుకునే 15 మందీ పురుషులే. వాళ్లు బతికి ఉన్నంతకాలం ఆ పదవుల్లో ఉంటారు. స్త్రీల విభాగాల అధ్యక్షురాళ్లు సాధారణంగా ఐదేళ్లకే మారిపోతారు. పదవీకాలంలోని ఈ తేడా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గాని, నా దృష్టిలో అసలు బలమంతా అక్కడే ఉంది.

దీన్ని ఒక ఆదివారం నేను కళ్లారా చూశాను. నా దగ్గర మాట నేర్చుకున్న ఒక డౌన్ సిండ్రోమ్ కుర్రాడికి 12 ఏళ్లు వచ్చాయని, ఆ రోజు మొదటిసారి రొట్టె పంచుతాడని తల్లిదండ్రులు పిలిస్తే వెళ్లాను. వాళ్ల సంస్కార విధిలో ద్రాక్షారసం ఉండదు. చేత్తో తుంచిన రొట్టె ముక్కలు, బొటనవేలంత కప్పుల్లో నీళ్లు పళ్లేల్లో పెట్టి వరుసవరుసకూ అందిస్తారు. తెల్ల చొక్కా, టై కట్టుకున్న ఆ పిల్లవాడు పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని, పక్కన ఇంకో కుర్రాడు మోచేతిని తాకి దారి చూపుతుంటే, ప్రతి వరుస దగ్గరా ఆగి, పళ్లెం తిరిగి తన చేతికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. ఒక వరుసలో ఎవరో పసిపాప గుప్పెడు ముక్కలు తీసుకుంటే గట్టిగా నవ్వేశాడు, ఎవరూ కసరలేదు. పద్నాలుగేళ్ల అతని అక్క, చదువులో ముందుండే పిల్ల, మా పక్కనే కూర్చుని పళ్లెం అందుకుని తల్లికి అందించింది. తమ్ముడిలా వరుసవరుసకూ తిరిగి పంచడానికి ఆమెకు అర్హత లేదు. కుర్రాడి వైకల్యం అడ్డుకాని చోట, అమ్మాయి ఆడపిల్ల కావడం అడ్డయింది. దాని గురించి ఆ అమ్మాయిని అడగాలనుకున్నాను గాని, ఆ రోజు తమ్ముడిని చూసి ఆమె పడుతున్న సంబరం చూశాక అడగబుద్ధి కాలేదు.

సంఘంలోని స్త్రీలందరూ దీనికి ఒకేలా స్పందిస్తారనుకోవద్దు. 1970ల్లో స్త్రీపురుష సమానత్వాన్ని రాజ్యాంగంలో చేర్చాలన్న సవరణను సంఘం వ్యతిరేకించినప్పుడు, 1977లో సాల్ట్‌లేక్ నగరంలో జరిగిన మహిళా సదస్సుకు 13 వేలకు పైగా స్త్రీలు తరలివచ్చి, అత్యధిక సంఖ్యలో ఆ సవరణకు వ్యతిరేకంగానే ఓటేశారు. అదే సవరణ కోసం పోరాడిన సోనియా జాన్సన్‌ను 1979లో వెలివేశారు. స్త్రీలకు యాజకత్వం ఇవ్వాలని ఉద్యమం నడిపిన కేట్ కెల్లీకి 2014లో అదే గతి పట్టింది. 2024 మార్చిలో రిలీఫ్ సొసైటీ నాయకురాలు ఒకరు, తమ సంఘం ఇచ్చినంత విస్తృతంగా స్త్రీలకు అధికారం ఇచ్చిన మతసంస్థ ప్రపంచంలో మరొకటి తనకు తెలియదని చెప్పినప్పుడు, సంఘం సామాజిక మాధ్యమ పేజీలో ఆ మాట కింద సభ్యురాళ్లే వేల సంఖ్యలో నిరసన రాశారు. నోరు మెదపలేని ఆడవాళ్లని మీరు విన్నది తప్పని చూపడానికి ఆ ఒక్క సంఘటన చాలు; మాట్లాడితే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

పెళ్లి కాని స్త్రీకి మోక్షం లేదంటారనేది సగం నిజం. వాళ్ల నమ్మకంలో అత్యున్నత స్వర్గానికి వివాహబంధం కావాలి, ఆ షరతు పురుషుడికీ వర్తిస్తుంది. ఇక్కడ పెళ్లి కుదరనివాళ్లకు పరలోకంలో ఆ అవకాశం దొరుకుతుందని బోధిస్తారు. తల్లులు ఉద్యోగం చేయకూడదన్న మాటకు ఆధారం ఉంది: 1987లో అప్పటి అధ్యక్షుడు ఎజ్రా టాఫ్ట్ బెన్సన్ తల్లులను ఇంటికి రమ్మని సూటిగా పిలుపునిచ్చాడు. 1995 నాటి కుటుంబ ప్రకటన తండ్రికి పోషణ, తల్లికి పిల్లల పెంపకం ప్రధాన బాధ్యతలని చెబుతూనే, ఇద్దరూ సమాన భాగస్వాములుగా సాయపడాలనీ, వైకల్యం, మరణం వంటి పరిస్థితుల్లో సర్దుబాట్లు చేసుకోవచ్చనీ అంటుంది. ఇవాళ నాతో పనిచేసే టీచర్లు, నర్సుల్లో మార్మన్ తల్లులు చాలామంది ఉన్నారు. అయినా స్త్రీపురుషుల జీతాల్లో తేడా ఎక్కువగా ఉన్న అమెరికా రాష్ట్రాల్లో యూటా ఒకటి. కారణమంతా మతమేనని నేను అనను, మతానికి పాత్రే లేదని కూడా అనలేను.

వైకల్యం సంగతికి వస్తే, మీరు విన్న పూర్వజన్మ పాపం అనే మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలను. మనుషులందరూ భూమి మీదికి రాకముందు ఆత్మరూపంలో దేవుడి దగ్గర ఉండేవారని మార్మన్లు నమ్ముతారు. మన చెవికి అది పూర్వజన్మలాగే వినిపిస్తుంది, వెంటనే కర్మఫలం గుర్తొస్తుంది. కానీ వాళ్ల లెక్కలో అది జన్మ కాదు, అప్పుడు శరీరమే లేదు. అక్కడి తప్పుకు శిక్షగా ఇక్కడి అవిటితనం వస్తుందన్న సిద్ధాంతం వాళ్ల గ్రంథాల్లో లేదు. అయితే నిప్పు లేనిదే పొగ రాదు. నల్లజాతి పురుషులకు యాజకత్వం నిరాకరించిన కాలంలో, ఆ ఆత్మలోకంలో వాళ్లు అంత నిబద్ధంగా నిలబడలేదన్న ఊహాగానాన్ని నాయకులే కారణంగా చెప్పారు. 1978 జూన్‌లో ఆ నిషేధం పోయింది. 2013లో సంఘం ఆ ఊహాగానాలను రాతపూర్వకంగా తిరస్కరించింది. రంగు గురించిన ఆ పాత మాట, బయటివాళ్ల నోట వైకల్యం మీదికి కూడా పాకిందని నా అనుమానం.

వికలాంగుల విషయంలో సంఘం లోపల వినిపించే జనశ్రుతి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. బుద్ధిమాంద్యంతో పుట్టిన పిల్లలు ఆత్మలోకంలో మహావీరులనీ, సైతాను వాళ్లను ముట్టలేకుండా దేవుడు అలాంటి శరీరం ఇచ్చాడనీ, అసలు వాళ్లు దేవదూతలనీ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ రాత్రిళ్లు నిద్రపోని పిల్లవాడితో మూడేళ్లుగా సతమతమవుతున్న తల్లికి, దేవదూతను కన్నావు అన్న మాట చెంపదెబ్బలా తగలడం నేను చూశాను. సంఘం నాయకులకు ఇచ్చే అధికారిక మార్గదర్శక గ్రంథం ఈ రెండు అతివాదాలనూ మూసివేసింది: వైకల్యం దేవుడి శిక్ష అని సూచించకూడదు, అలాంటి బిడ్డను కనడం ఒక వరమని కూడా చెప్పకూడదు. ఏ మతసంస్థ రాసిన నిబంధనల్లోనైనా ఇంత తెలివైన వాక్యం నాకు అరుదుగా కనిపించింది. చిక్కేమిటంటే, పుస్తకంలో ఉన్నది అన్ని వార్డులకూ చేరదు.

బాప్తిస్మం విషయంలో మీ చెల్లెలికి ముందుగానే తెలియడం మంచిది, ఎందుకంటే వచ్చే ఏడాది బాబు ఈడు పిల్లలందరికీ అది జరుగుతుంటుంది. మార్మన్లలో శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు, 8 ఏళ్లు నిండాక ఇస్తారు. అప్పటికి మంచిచెడ్డలకు జవాబుదారీ అవుతారని నమ్మకం. మేధోపరమైన వైకల్యం వల్ల ఆ జవాబుదారీ లేనివాళ్లకు బాప్తిస్మం అవసరం లేదు, వాళ్లకు రక్షణ ముందే ఖాయం. బయట కొందరు దీన్నే వికలాంగులను చేర్చుకోరని చెబుతారు, అది పొరపాటు. శారీరక వైకల్యం అసలు అడ్డే కాదు. నడవలేనివాళ్లను ఎత్తుకుని నీళ్లలోకి దించుతారు. మేధో వైకల్యం ఉన్నవాళ్లు కోరుకుంటే, వాళ్ల అవగాహనను బట్టి తల్లిదండ్రులు, బిషప్పు కలిసి నిర్ణయిస్తారు. నా అభ్యంతరం కూడా అక్కడే. నీకు అవసరం లేదు అన్న మాట దయగలదే గాని, అన్నకూ స్నేహితులకూ జరిగిన వేడుక తనకు ఎందుకు జరగదని సైగలతో అడిగే పిల్లవాడికి అది జవాబు కాదు. మాటలు తక్కువగా ఉన్నంత మాత్రాన అవగాహన తక్కువ కాదని మా వృత్తిలో మొదటి రోజే నేర్పుతారు. పళ్ల వైద్యుడైన బిషప్పుకు అది ఎవరూ నేర్పరు.

బధిరుల విషయంలో ఈ సంఘం చాలామందికంటే ముందుంది. బధిర పాఠశాల ఉన్న ఆగ్డెన్ పట్టణంలో 1917లోనే బధిరుల కోసం ప్రత్యేక ప్రార్థనా సమాజం ఏర్పడింది. సంస్కార ప్రార్థనను అక్షరం తప్పకుండా పలకాలన్న నియమం ఉన్నా, దాన్ని సైగభాషలో చేయడం చెల్లుతుంది. సంఘ నాయకుల్లోనూ ఇలాంటి ఇబ్బందులతో బతికినవాళ్లున్నారు. వ్యవస్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు చిన్ననాడు కాలి ఎముకకు జరిగిన శస్త్రచికిత్స వల్ల నడకలో కొద్దిగా కుంటు ఉండేది. 1978లో నల్లజాతివారిపై నిషేధాన్ని ఎత్తేసిన అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ గొంతు క్యాన్సరుతో 1957లో స్వరతంత్రులను చాలావరకు పోగొట్టుకుని, జీరగొంతుతోనే జీవితాంతం ఉపన్యాసాలు ఇచ్చాడు.

ఇదేదో కేవలం అమెరికా వ్యవహారమని మీకు అనిపించవచ్చు. భారతదేశంలో వీళ్ల మొదటి స్టేకు, అంటే అనేక స్థానిక సమాజాల కూటమి, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. దానికి బీజం పడింది 1978 డిసెంబరులో. సమోవా దీవుల్లో స్థిరపడి అక్కడే ఈ మతం పుచ్చుకున్న ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు ప్రచారకులుగా సొంత ఊరు హైదరాబాదుకు వచ్చి, 22 మంది బంధువులకు బాప్తిస్మం ఇప్పించారు. ప్రచారకులంటే తెల్ల చొక్కా వేసుకున్న అమెరికా కుర్రాళ్లు మాత్రమే అనుకునేవాళ్లు ఎల్సీ గారిని గుర్తుచేసుకోవాలి.

ఇప్పుడు మీ చెల్లెలికి పనికొచ్చే నాలుగు మాటలు. బాబు చదువుకు సంఘంతో సంబంధం లేదు. ప్రభుత్వ పాఠశాలలో అతనికి వ్యక్తిగత విద్యా ప్రణాళిక పొందే హక్కు అమెరికా కేంద్ర చట్టం ఇస్తుంది. ఇక్కడికి రాగానే బడికి రాతపూర్వకంగా మదింపు అడగమనండి, హైదరాబాదులో చేయించిన నివేదికలను వెంట తెచ్చుకోమనండి. పొరుగువాళ్లు మొదటి వారంలోనే ఇంట్లో కాల్చిన రొట్టె పట్టుకుని వస్తారు. దాన్ని మతమార్పిడి ప్రయత్నంగా చూడనక్కర్లేదు, ఆదివారం సభకు పిలిస్తే వద్దనడం తప్పూ కాదు. వెళ్లాలనిపిస్తే మాత్రం, పిల్లల తరగతిలో బాబు పక్కన కూర్చోవడానికి ఒక పెద్దవాళ్లను ఏర్పాటు చేయగలరా అని ముందే అడగమనండి. చాలా వార్డుల్లో అందుకోసం ఒకరికి బాధ్యత అప్పగిస్తారు, కొన్నింట్లో ఆ ఏర్పాటు ఉందన్న సంగతే బిషప్పుకు తెలియదు. ఆ ప్రశ్న ఆయనతో పాటు రిలీఫ్ సొసైటీ అధ్యక్షురాలిని కూడా అడగమనండి. సంతకం ఆయనదే అయినా, పని జరిగేది సాధారణంగా ఆమె చేతుల మీదుగానే.